ముప్పై అడుగుల వంక మీద నడక వంతెన: ఊరి రాయి ఎక్కడ వాడాలి, ఇనుము ఎక్కడ వాడాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీది కర్ణాటకలో బాగేపల్లి దగ్గర పల్లె. ఊరికీ హైస్కూలుకీ మధ్య ఒక వంక ఉంది, వెడల్పు 28 అడుగులు, లోతు ఆరు అడుగులు. వానలు పడితే పిల్లలు బస్సు రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నారు, లేదంటే నీళ్ళలో దిగి దాటుతున్నారు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మీ ఊరివాళ్ళు కొందరు డబ్బు వేసుకుని, ఊళ్ళో దొరికే నీలగిరి దుంగలు, వెదురు, రాయితో ఒక నడక వంతెన కట్టాలనుకుంటున్నారు. మీ మేస్త్రీలే కట్టుకోగలిగే డిజైన్ చెప్పమన్నారు.

సూటిగా చెబుతాను. కట్టుకోవచ్చు. రెండు ఒడ్లలో గోడలు ఊరి రాయితో, ఊరి మేస్త్రీలతో కట్టండి. పైన నడిచే బండలు కూడా ఊరివే వేయండి. ఒడ్డు నుంచి ఒడ్డుకు బరువు మోసే రెండు దూలాలు మాత్రం ఇనుపవి, 250 ఎం.ఎం. ఎత్తున్న ఐ-బీమ్‌లు (I అక్షరం ఆకారపు ఉక్కు దూలాలు), బెంగళూరు నుంచి తీసుకెళ్ళండి. నీలగిరి, వెదురు ఈ వెడల్పుకు వద్దు. పని మొదలుపెట్టే ముందు సైటు చూసిన సివిల్ ఇంజనీర్ ఒకరు డ్రాయింగ్ మీద సంతకం పెట్టాలి. నేను కింద ఇస్తున్న లెక్కలు ఆయనతో కూర్చుని మాట్లాడటానికి పనికొస్తాయి గానీ ఆయన లేకుండా పని కానివ్వవు.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. సొంతూరు హిందూపురం వైపు, పని బెంగళూరులో. జీతం ఇచ్చేది ఫ్యాక్టరీ షెడ్లూ అపార్ట్‌మెంట్లే అయినా, చిక్కబళ్ళాపురం, కోలారు, హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి చిన్న వంతెనల కోసం చాలాకాలంగా తిరుగుతున్నాను. వాటిలో నిలిచినవీ చూశాను, పోయినవీ చూశాను. పోయినవాటిలో పైన నడిచే భాగం విరిగి పోయినవి తక్కువ. ఎక్కువ భాగం ఒడ్డు దగ్గర పోయాయి. శ్రీనివాసపురం వైపు ఒక పల్లెలో వంతెన చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, రెండు గోడలూ నిటారుగా ఉన్నాయి, కానీ ఒక గోడ వెనకనుంచి వంక కొత్త దారి కోసుకుని పోయింది. ఊరివాళ్ళు వంతెన ఎక్కాలంటే ముందు వంక దాటాలి! గోడను ఒడ్డులోపలికి తగినంత తీసుకెళ్ళకపోవడం, పక్క గోడలు కట్టకపోవడం దానికి కారణం. అందుకే మీ డబ్బులో సగానికి పైగా ఒడ్లలోనే, మట్టి కింద కనబడకుండా పోతుందని ముందే అందరికీ చెప్పేయండి. లేకపోతే "ఇంత ఖర్చు పెట్టి రెండు గోడలేనా" అనే మాట తప్పదు.

ముందు నీళ్ళ సంగతి

సామాను గురించి ఆలోచించే ముందు తెలుసుకోవాల్సింది వంకలో ఇంతవరకు వచ్చిన పెద్ద నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయని. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ రోజులు వంక ఎండి ఉంటుంది, అదే మనల్ని మోసం చేస్తుంది. 2021 నవంబరు గుర్తు చేసుకోండి. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో ఏళ్ళ తరబడి నిండని చెరువులు నిండి మరవ (అలుగు) పోయాయి. పైన చెరువు మరవ పోతే ఆ నీళ్ళన్నీ వచ్చేది మీ వంకలోకే. కాబట్టి వంక పైకి నడిచి వెళ్ళి, ఎన్ని చెరువుల మరవలు ఇందులో కలుస్తాయో చూసి రండి. కట్ట బలహీనంగా ఉన్న చెరువు ఏదైనా ఉంటే అది కూడా రాసుకోండి.

నీళ్ళ గుర్తు కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఒడ్డున ఉన్న కానుగ చెట్లలో, జాలి (తుమ్మ) పొదల్లో ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు, టమోటా తోటల డ్రిప్ పైపు ముక్కలు ఒకే ఎత్తులో చిక్కుకుని ఉంటాయి. ఆ వరుస ఎత్తు కొలవండి. తర్వాత ఊళ్ళో పెద్దవాళ్ళను ఒక్కొక్కరిని విడివిడిగా వంక దగ్గరికి తీసుకెళ్ళి, "పెద్ద నీళ్ళు వచ్చినప్పుడు ఎందాకా వచ్చాయి, చెయ్యి పెట్టి చూపించండి" అని అడగండి. అందరినీ కలిపి అడిగితే మొదట మాట్లాడినాయన చెప్పిందే మిగతావాళ్ళూ అంటారు. చూపించిన ఎత్తుల్లో అన్నిటికన్నా పైనున్నదే మీ లెక్క.

మీరు చెప్పిన కొలతలతో ఒక అంచనా వేశాను. వంక 28 అడుగుల వెడల్పు, ఆరడుగుల నీళ్ళు, వాలు 300 అడుగులకు ఒక అడుగు, అడుగున రాళ్ళూ పొదలూ అనుకుంటే, మ్యానింగ్ సూత్రం ప్రకారం నీటి వేగం సెకనుకు సుమారు 1.7 మీటర్లు. ప్రవాహం సెకనుకు 26, 27 ఘనపు మీటర్లు. ఆ వేగంలో పెద్దమనిషి నడుములోతు నీళ్ళలో కూడా నిలబడలేడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల ప్రకారం 3 నుంచి 30 ఘనపు మీటర్ల ప్రవాహానికి, వరద మట్టానికీ దూలం అడుగుకీ మధ్య 600 ఎం.ఎం. ఖాళీ వదలాలి. అంటే రెండడుగులు. ఆ ఖాళీ నీళ్ళ కోసం మాత్రమే అనుకోకండి. వరదలో కొట్టుకొచ్చే జాలి కంపలు, టమోటా కట్టెలు, ఒక్కోసారి మొత్తం చెట్టు కింద నుంచి పోవడానికి కూడా అది కావాలి. కంప ఒకసారి దూలానికి తట్టుకుంటే దాని వెనక ఇంకొకటి చేరుతుంది, చివరికి వంతెన ఆనకట్ట అయిపోతుంది.

మరొక ముఖ్యమైన మాట: వంకను ఇరుకు చేయకండి. దూలం పొడవు తగ్గుతుందని గోడలను వంకలోకి నాలుగేసి అడుగులు జరిపి కట్టే అలవాటు ఉంది. ఇరుకులో నీళ్ళ వేగం పెరిగి, గోడ పాదం కింద ఇసుకను తోడేస్తుంది. 28 అడుగుల వంకకు గోడల మధ్య 30 అడుగులు, అంటే 9 మీటర్లు ఖాళీ ఉంచండి.

దుంగలు, వెదురు ఎందుకు వద్దంటున్నాను

మీ వైపు నీలగిరి ఎంత దొరుకుతుందో నాకు తెలుసు. వద్దనడానికి కారణం లెక్కల్లోనే ఉంది. ముందు బరువు ఎంతో చూద్దాం. బడి పిల్లలు పదిమంది అనుకుని డిజైన్ చేయకూడదు. వంతెన మీదికి ఎక్కువమంది వచ్చేది వంకకు నీళ్ళొచ్చిన రోజునే. ఊరంతా వచ్చి నడిమధ్య నిలబడి నీళ్ళు చూస్తారు. జాతర నాడు, వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్ళే నాడు కూడా అంతే. అందుకే గుంపు చేరే నడక వంతెనకు చదరపు మీటరుకు 500 కిలోల బరువు లెక్కలోకి తీసుకోవాలి. 9 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పుకు అది 5.4 టన్నులు, ఎనభై మందికి పైనే. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో తీగల వంతెన తెగి 130 మందికి పైగా చనిపోయారు. ఆ సాయంత్రం వంతెన నిండా జనం ఉన్నారు.

ఇప్పుడు దుంగలు. అడ్డదూలం మీద సమంగా బరువు పడితే, వంచే బలం పొడవు వర్గంతో పెరుగుతుంది, జారుడు, అంటే దూలం నడిమధ్య కిందికి కుంగడం, పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పొడవు రెండింతలైతే వంపు బలం నాలుగింతలు, జారుడు పదహారింతలు. చిన్న కాలువ, 4 మీటర్ల అడ్డం అయితే 20 సెం.మీ. లావున్న మంచి నీలగిరి దుంగలు మూడు చాలు. మీ 9 మీటర్లకు 30 సెం.మీ. లావున్నవి నాలుగు కావాలి, ఒక్కొక్కటి పది మీటర్ల పొడవుతో 600 కిలోలు దాటుతుంది. విరగకుండా మోస్తాయనే అనుకుందాం. నిండు బరువు మీద నడిమధ్య ఆరున్నర సెంటీమీటర్లు జారతాయి, పచ్చికర్ర కాబట్టి ఏడాదిలో ఆ జారుడు ఇంకా పెరిగి అలాగే ఉండిపోతుంది. నడిస్తే ఊగుతుంది. ఊగే వంతెన మీద పిల్లలు గెంతకుండా ఉండరు.

అంతకన్నా పెద్ద సమస్య పుచ్చు. హోసూరు దాటాక ఒక పల్లెలో దుంగల వంతెన చూడ్డానికి పిలిచారు. పైనుంచి చూస్తే దుంగలు బాగున్నాయి, నడిమధ్య సుత్తితో కొడితే గట్టిగా మోగుతున్నాయి. దుంగ చివర గోడ మీద ఆనిన చోట మట్టి గీకి స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. లోపలి కర్ర తడిసిన అటుకుల్లా వేళ్ళకు అంటుకుని వచ్చింది. చెదలూ తేమా కలిసి పనిచేసేది అక్కడే, కర్ర మట్టిని తాకే చోట. బరువంతా దిగేది కూడా అక్కడే. కాబట్టి ఎవరైనా చిన్న కాలువకు దుంగలు వాడాలనుకుంటే, చివర్లు మట్టికి తగలకుండా రాతి దిమ్మె మీద గాలి ఆడేలా పెట్టి, ఏటా వానలకు ముందు ఆ చివర్లు పొడిచి చూడాలి.

వెదురు మీద ఇప్పుడు అందరికీ మోజు ఉంది, నాకూ ఇష్టమే. కానీ వెదురుకు ఎండా వానా రెండూ పడవు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెడితే పురుగు పట్టదు, కానీ ఆ మందు నీళ్ళలో కరిగేదే. పైకప్పు లేకపోతే వానలకు కడుక్కుపోతుంది. అతుకుల దగ్గర బోల్టు వేస్తే నిలువునా చీలుతుంది. పైకప్పు వేసి, అతుకులు తెలిసిన పనివాళ్ళతో చేయిస్తే వెదురు వంతెన చక్కగా నిలుస్తుంది, మీ ఊరికి ఆ పనివాళ్ళు దొరకడం కష్టం. కర్ణాటక పడమటి కొండల్లో (మలెనాడు), తీరంలో (కరావళి) వక్క మొద్దులతో కాలుసంకాలు, అంటే చిన్న నడక వంతెనలు వేస్తారు, రెయిలింగ్ కూడా ఉండదు. 2022 వానల్లో ఉడుపి జిల్లాలో బడి నుంచి ఇంటికొస్తున్న ఒక చిన్నపిల్ల అలాంటి సంకం మీదనుంచి జారి కొట్టుకుపోయింది. పిల్లల కోసం కట్టే వంతెనలో రెయిలింగ్‌ను ఎప్పుడూ "తర్వాత చూద్దాం" అనకండి.

తీగల వంతెన గురించి కూడా అడిగారు. కర్ణాటకలో తీగల వంతెన అనగానే సుళ్యకు చెందిన గిరీశ్ భారద్వాజ్ గుర్తొస్తారు. 1989లో పయస్విని నది మీద మొదలుపెట్టి వందకు పైగా నడక వంతెనలు కట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నది వెడల్పు పాతిక ముప్పై మీటర్లు దాటితే, నడుమ స్తంభం వేయలేకపోతే అదే దారి. కానీ తీగలో లాగుడు ఎంతుంటుందో చూడండి: 30 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వేలాడు, మీటరుకు 550 కిలోలు అనుకుంటే తీగలన్నీ కలిపి 41 టన్నులు లాగుతాయి. ఆ లాగుడును ఒడ్డులో పట్టి ఉంచే దిమ్మెలు కట్టడం ఊరి మేస్త్రీ పని కాదు. మీ వంకకు దాని అవసరమే లేదు.

రాయిని ఎక్కడ వాడాలి

రాయి నొక్కుడుకు ఎంతైనా తట్టుకుంటుంది, వంపుకు తట్టుకోదు. పైగా చెప్పా పెట్టకుండా విరుగుతుంది. మన పాతవాళ్ళకు ఇది బాగా తెలుసు. శ్రీరంగపట్నం దగ్గర కావేరి మీద దివాన్ పూర్ణయ్య హయాంలో 1804లో పూర్తయిన వెల్లెస్లీ వంతెన చూడండి, రాతి స్తంభాలు దగ్గర దగ్గరగా నిలిపి, వాటిమీద రాతి దూలాలు వేశారు. ఆనెగొంది దగ్గర తుంగభద్రలో విజయనగర కాలపు వంతెన స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. నది అడుగున గట్టి బండ ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

మీరూ అలాగే రాతితోనే కట్టాలంటే, 15 సెం.మీ. మందం నల్లరాతి బండలకు స్తంభాల మధ్య 1.8 మీటర్లు దాటకూడదు. ఆ లెక్కన వంకలో నాలుగు స్తంభాలు వస్తాయి, ఒక్కో బండ అరటన్ను ఉంటుంది. వంక అడుగున పరుపుబండ కనబడుతూ ఉండి, నీళ్ళు నిదానంగా పారే చోటైతే నేనే ఇది వేయమనేవాణ్ణి. మీ వంకలో కంపలు కొట్టుకొస్తాయని మీరే రాశారు. నాలుగు స్తంభాలు నాలుగు దువ్వెన పళ్ళలా ఆ కంపనంతా పట్టేస్తాయి. కాబట్టి నడుమ ఏ స్తంభమూ లేకుండా ఒకే అడ్డంతో దాటడం మంచిది. (తప్పనిసరై స్తంభం వేస్తే నీళ్ళకు ఎదురుగా ఉండే అంచు గుండ్రంగా చేయించండి. చదరపు అంచు మీద నీటి తోపుడు గుండ్రటి అంచు కంటే రెట్టింపుకు పైనే ఉంటుంది.)

మరి రాయి ఎక్కడ? మొదటిది గోడల్లో. రెండు వైపులా జేసీబీతో గుంత తీయించండి. పరుపుబండ తగిలితే అదృష్టం, దాన్ని మెట్టుగా చెక్కించి దానిమీదే మొదలుపెట్టండి. బండ తగలకపోతే వంక అడుగుకు కనీసం ఒకటిన్నర మీటర్ల కిందికి, గట్టి గరుసు వచ్చేదాకా వెళ్ళాలి. వదులు ఇసుక మీద, నల్లరేగడి మీద గోడ లేపకండి. గోడ పైన 75 సెం.మీ. మందం ఉంటే, పాదం దగ్గర మొత్తం ఎత్తులో సగం మందం ఉండాలి. సైజు రాళ్ళు రెండు వరుసలుగా పేర్చి నడుమ చిన్నరాళ్ళూ గారా పోసేస్తే అది గోడ కాదు, రెండు పలచటి పొరలు. ప్రతి వరుసలో మీటరుకొక చోట గోడ మందమంతా పట్టే పొడుగురాయి పెట్టించండి. ఇది కాగితం మీద రాయకుండా వదిలేస్తే ఏ మేస్త్రీ కూడా పెట్టడు, ఆ రాయి మోయడం కష్టం కాబట్టి. మీలో ఒకరు దగ్గరుండి చూడాలి.

గోడ వెనక గరుసు నింపి, అడుగు మందానికొకసారి నీళ్ళు పోసి దిమ్మిస చేయాలి. నల్లమట్టి నింపితే వానకు ఉబ్బి గోడను తోస్తుంది. గోడలో అక్కడక్కడా పైపు ముక్కలు పెట్టి, వాటి వెనక కంకర పోయండి, లోపల చేరిన నీళ్ళు బయటికి రావాలి. గోడకు రెండు పక్కలా ఒడ్డులోకి వాలుగా రెక్కల్లాంటి గోడలు, ఒక్కొక్కటి రెండున్నర మీటర్లు తీసుకెళ్ళండి. ఇందాక చెప్పిన శ్రీనివాసపురం వైపు వంతెనకు లేనివి ఇవే. గోడ పాదం ముందు వంక అడుగున పెద్ద రాళ్ళు పరచండి, జాలీ బుట్టల్లో నింపితే ఇంకా మంచిది.

రెండోది నడిచే చోట. 7.5 సెం.మీ. మందం, 1.2 మీటర్ల పొడవు, 45 సెం.మీ. వెడల్పు నల్లరాతి బండలు చెప్పండి. ఒక్కొక్కటి నూరు కిలోలు దాటుతుంది, నలుగురు మోయగలరు. రెండు ఐ-బీమ్‌ల మధ్య దూరం 80 సెం.మీ. కాబట్టి బండ దాటాల్సింది అంతే, ఆవు ఎక్కినా ఇబ్బంది ఉండదు. కుళ్ళదు, చెద పట్టదు. పైన ఉలితో కాస్త గరుకు చేయిస్తే వానలో జారదు.

బండలు దించుకునేటప్పుడు ఒక్కోదాన్నీ రెండు చివర్లా కర్రదిమ్మెల మీద పెట్టి సుత్తితో తట్టండి. మంచి బండ కంచులా ఖంగుమంటుంది. దబ్బుమని మొద్దు శబ్దం వస్తే లోపల చీలిక ఉన్నట్టే, తిప్పి పంపండి. రాయి చీల్చడానికి మేకులు దిగ్గొట్టిన గుంతలు ఒక అంచున వరుసగా కనబడతాయి. ఆ గుంతలున్న ముఖం పైకి ఉండేలా వేయండి. కిందికి వేస్తే బండ సాగే వైపు గాట్లు పడినట్టు, పగులు అక్కడే మొదలవుతుంది. వేసే ముందు ప్రతి బండ మీదా అయిదారుగురు నిలబడి చూడండి.

ఇనుప దూలాలు

250 ఎం.ఎం. ఐ-బీమ్ మీటరుకు 37 కిలోలు ఉంటుంది. పది మీటర్లవి రెండు, దాదాపు 750 కిలోలు. అతుకు లేని పూర్తి ముక్కలే తీసుకోండి, మార్కెట్‌లో పదకొండు పన్నెండు మీటర్ల పొడవు దొరుకుతాయి. రాతి బండల బరువు, గుంపు బరువు కలిపితే ఇనుములో వచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 1,130 కిలోల దగ్గర ఉంటుంది, మామూలు మెత్తటి ఉక్కుకు అనుమతించే 1,650 కంటే బాగా తక్కువ. గుంపు బరువుకు జారుడు 24 ఎం.ఎం. మనిషి నడక సెకనుకు రెండు అడుగులు వేసే లయలో ఉంటుంది, ఈ వంతెన సొంత ఊపు సెకనుకు నాలుగున్నర సార్లకు పైన. రెండూ కలవవు కాబట్టి ఊగదు. ఇందులో రాతి బండల బరువు కూడా మేలే చేస్తుంది, పైన తేలికైన చెక్కలుంటే అదిరినట్టు అనిపిస్తుంది.

ఆ 1,650 నిజం కావాలంటే ఒక షరతు ఉంది. రెండు దూలాలను ఒకటిన్నర మీటరుకొకసారి అడ్డ చానల్‌తో (C ఆకారపు ఉక్కు కమ్మీతో) కలిపి, మధ్యమధ్య ఏటవాలు కట్లు వేయాలి. కట్లు లేని పొడవాటి ఐ-బీమ్ బరువుకు పక్కకు మెలి తిరుగుతుంది. పాత సామాను గుజరీలో తక్కువకు వస్తుంది, నేనూ వాడించాను. తుప్పు పొరలు లేచినదీ, ఎక్కడైనా గ్యాస్‌తో కోసి మళ్ళీ వెల్డింగ్ చేసినదీ మాత్రం తీసుకోకండి.

దూలం నేరుగా రాతి గోడ మీద ఆనకూడదు. గోడ తల మీద అడుగు మందం కాంక్రీటు దిమ్మె పోసి, దాంట్లో బోల్టులు నిలిపి, ఇనుప పలక మీద దూలం కూర్చోబెట్టండి. ఒక చివర బోల్టు రంధ్రం గుండ్రంగా, రెండో చివర పొడుగ్గా ఉండాలి. ఎండకు ఇనుము సాగుతుంది, దానికి చోటివ్వాలి. రంగు విషయంలో ప్రైమర్ రెండు పూతలు షెడ్డులోనే వేయించి పంపండి. బిగించాక దూలం అడుగున ఎవరూ సరిగా వేయరు.

రెయిలింగ్ ఎత్తు 1.1 మీటర్లు. పైకమ్మీ మీటరుకు 150 కిలోల పక్క తోపుడును తట్టుకోవాలి. గుంపు ఒకవైపు వాలితే అంత వస్తుంది. రెండు అంగుళాల పైపు పోస్టులు ఆ లెక్కకు ఆగవు, 75 ఎం.ఎం. చానల్ పోస్టులు ఒకటిన్నర మీటరు దూరంలో పెట్టండి. పోస్టును దూలానికి బిగించాలి, రాతి బండకు కాదు. అడ్డంగా నాలుగు పైపులు చాలు. సన్న జాలీ వేస్తే పెద్ద వరదలో చెత్త పట్టి తెరచాప అవుతుంది.

మోటారు సైకిళ్ళు ఎలాగూ వస్తాయి, బోర్డు పెట్టినా ఆగవు. ఈ వంతెన వాటిని మోస్తుంది, దాని గురించి టెన్షన్ వద్దు. రెండు చివరలా మూడడుగుల ఖాళీతో రెండేసి రాతి కూసాలు పాతండి, దానికన్నా వెడల్పైనది ఏదీ ఎక్కదు.

వంతెన ఒడ్డుకన్నా మూడు నుంచి మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. రెండు వైపులా ముప్పై అయిదు అడుగుల వాలు దారి కావాలి, సైకిలు దిగకుండా ఎక్కేలా. పల్లం వైపు దారిలో ఒకచోట కావాలనే ఎత్తు తగ్గించి, పైన రాయి పరిచి వదలండి. లెక్కకు మించిన వరద వస్తే నీళ్ళు అక్కడ పొంగి పోవాలి. దారి మట్టి పోతే రెండు రోజుల్లో పోసుకోవచ్చు, వంతెన పోతే అలా కాదు.

కాగితాలు

వంక ఎవరి సొంతమూ కాదు, రెవెన్యూ రికార్డుల్లో ఖరాబుగా (సాగుకు పనికిరాని భూమిగా) ఉంటుంది. గ్రామ పంచాయతీలో తీర్మానం చేయించి పీడీఓ (పంచాయతీ అభివృద్ధి అధికారి) దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. జిల్లా పంచాయతీ ఇంజనీరింగ్ విభాగానికి డ్రాయింగ్ చూపించండి. కట్టాక వంతెనను పంచాయతీకి అప్పగించే మాట కూడా అందులోనే రాయించండి. రేపు బోల్టు వదులైతే, రంగు పోతే ఎవరి బాధ్యతో ఇప్పుడే తేలాలి. మీరంతా బెంగళూరులో ఉంటారు, వంతెన అక్కడ ఉంటుంది. రెండు ఒడ్లలో పొలాలున్న రైతులతో ముందే మాట్లాడండి. వాలు దారికి వాళ్ళ గట్టు కొంచెం పోతుంది.

పని జనవరిలో మొదలుపెడితే ఏప్రిల్ లోపు అయిపోవాలి. పునాది గుంతలు తెరిచి ఉండగా మే వానలు పడితే పని మొదటికొస్తుంది.

తెరిచే ముందు బరువు పెట్టి చూడండి, ఇది మాత్రం వదలొద్దు. సిమెంటు సంచుల్లో ఇసుక నింపి యాభై కిలోల చొప్పున తూచి, 108 సంచులు వంతెన మీద సమంగా పరచండి. అదే 5.4 టన్నులు. ముందే ఒడ్డు నుంచి ఒడ్డుకు దూలాలకు తగలకుండా దారం లాగి కట్టి, నడిమధ్య దూలానికీ దారానికీ మధ్య దూరం రాసుకోండి. సంచులు నాలుగు వంతులుగా వేస్తూ ప్రతి వంతుకీ కొలవండి, పరచేవాళ్ళు తప్ప ఎవరూ పైన ఉండకూడదు, కింద అసలే ఉండకూడదు. నిండు బరువుకు 24 ఎం.ఎం. చుట్టుపక్కల జారాలి. ఒక రాత్రి అలాగే ఉంచి, తీసేశాక దూలం దాదాపు మొదటి చోటికే రావాలి. 35 దాటినా, తిరిగి రాకపోయినా, గోడ దగ్గర గారాలో సన్నపగులు కనబడినా తెరవకండి, ఇంజనీర్‌ని పిలవండి.

ఆ తర్వాత ప్రతిసారీ పెద్ద నీళ్ళు తగ్గాక ఒకరు దిగి గోడ పాదం దగ్గర గడ్డపారతో పొడిచి చూడాలి, పరిచిన రాళ్ళు జరిగాయా, కింద ఖాళీ పడిందా అని. నాలుగైదేళ్ళకొకసారి రంగు.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని డబ్బు వసూలు కాదు. వచ్చే శనివారం ఊరికి వెళ్ళినప్పుడు మూడు సంగతులు తెలుసుకుని రండి: పెద్దవాళ్ళు చూపించిన వరద ఎత్తు, రెండు ఒడ్లలోనూ గుంత తీస్తే ఎన్ని అడుగులకు బండ గానీ గట్టి గరుసు గానీ తగిలిందో, వంక ఆ చోట తిన్నగా పారుతోందా మలుపు తిరుగుతోందా అని. మలుపు దగ్గరైతే బయటి ఒడ్డు ఏటా కోసుకుపోతూనే ఉంటుంది. అలాంటప్పుడు స్కూలుకు వంద అడుగులు దూరమైనా సరే, తిన్నగా పారే చోటికి వంతెనను జరపండి. ఈ మూడూ చేతికొచ్చాకే ఐ-బీమ్‌లకు అడ్వాన్స్ ఇవ్వండి.